ఏడో ఇల్లు

మొన్న మధ్యాహ్నం ఒకమ్మాయి భుజానికి సంచీ తగిలించుకుని మా ఇంటికి వచ్చింది. ఏదో సబ్బుల కంపెనీ పంపిందట. మీరు ఏ సబ్బు వాడతారు, ఎందుకు వాడతారు అని అడిగి, నేను చెప్పింది రాసుకుని, పక్కిల్లు వదిలేసి ఎక్కడో వీధి చివర ఇంకో ఇంటి మెట్లెక్కింది. ఆ పిల్ల మలుపు తిరిగిందో లేదో, పక్కింటావిడ గోడ మీదనుంచి తల పెట్టింది.

"ఏమక్కా, ఆ పాప మీ ఇంటికొచ్చె, ఆ కడ ఇంటికి పాయె. మా ఇంట్లో మేము నీళ్లు పోసుకోమనుకుండాదా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "నీకు నవ్వులాటగా ఉండాదిలే" అని ఆమె మూతి ముడుచుకుని దిగిపోయింది. పాపం, ఆమెను చూసి కాదు నేను నవ్వింది. యుద్ధం రోజుల్లో, ఇదే హిందూపురంలో, ఇదే మాట ఇదే మూతివిరుపుతో ఎన్ని గడపల్లోంచి విన్నానో గుర్తొచ్చింది. ఆ మాటలన్నీ పడిన మనిషి గుర్తొచ్చింది. ఇంక ఆ రోజంతా నా చేత ఏ పనీ సాగలేదు.

ఆమె పేరు రాయను. రాస్తే ఊరుకునే రకం కాదు. పోయి ఇన్నేళ్లయినా సరే, "నా పేరుతో నీకేం పనిమే, జరిగింది చెప్పు" అంటుంది. ఊళ్లో అందరికీ ఆమె టీచరమ్మ. నాకు అక్క. ఆడపిల్లల బడికి ఆమె పెద్ద టీచరు. నేను ట్రైనింగు ముగించుకుని అప్పుడప్పుడే చేరిన చిన్న టీచరును.

పొట్టి మనిషి. ముతక తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు. ఎండ ఎంత మండినా ఆ గొడుగు విప్పేది కాదు. అది ఇళ్లవైపూ మనుషులవైపూ చూపించడానికి. సంతోషం వస్తే దాంతో నేలమీద టకటకా కొట్టేది. కోపం వచ్చినా అంతే. వచ్చింది ఏదో తెలుసుకోవాలంటే మొహం చూడాలి, మొహం చూద్దామంటే అప్పటికే నాలుగు అంగలు ముందుంటుంది. ఆమె నడిస్తే మాకు పరుగే.

ఆమెకు లోకంలో ఒకటే ప్రశ్న. "పదిమందికి ఎంతమంది?" దేన్ని చూసినా అదే. ధర్మవరంలో రైలెక్కి హిందూపురం వస్తుంటే ఆడవాళ్ల పెట్టెలో కుదురుగా కూర్చునేది కాదు. ఆ మూల ఒకరిని, ఈ మూల ఒకరిని, మధ్యలో పిల్లకు పాలిస్తున్న ఒకరిని "యాడ దిగుతావమ్మా" అని అడిగి వచ్చి, "పెనుకొండలో పదిమందికి నలుగురు దిగుతారు చూడుమే" అని నాతో పందెం వేసేది. పెనుకొండ రాగానే కిటికీలోంచి సగం మనిషి బయట. చెప్పినట్టు దిగితే గొడుగు టకటక. చెప్పినట్టు దిగకపోతే ఇంకా గట్టిగా టకటక. "తప్పిందక్కా" అని నేను ఏడిపించబోతే, "తప్పితేనే కదమ్మే ఎందుకు తప్పిందో చూసేది, సరిపోతే ఏం తెలుస్తాది" అని మళ్లీ లేచి పోయేది. పెట్టెలో వాళ్లు ఆమెను టికెట్లు తనిఖీ చేసే మనిషనుకుని మూటలు సర్దుకునేవాళ్లు.

చింతపండు కొనడానికి ఆమెతో పోవడమంటే నాకు ప్రాణసంకటం. అంగడాయన బస్తా మూతి విప్పి మీదిది తీసి చూపిస్తాడు. ఈమె చీర చెంగు దోపుకుని మోచెయ్యి దాకా చెయ్యి బస్తాలోకి దిగేసి, అడుగునుంచి కొంత, నడిమినుంచి కొంత, పక్కనుంచి కొంత లాగుతుంది.

"అంతా ఒకటే చెట్టుదమ్మా" అంటాడాయన.

"అయితే అడుగుది చూస్తే నీకేం కష్టమప్పా?"

మా అమ్మ దగ్గర కూడా ఊరుకోలేదు. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. మాటల్లో మా అమ్మ, "అన్నమంతా పట్టి చూడల్లనా ఏమి, ఒక మెతుకు చూస్తే చాలదా" అంది. అందరూ అనే మాటే. ఈమె చెయ్యి కడుక్కుంటున్నది కాస్తా వెనక్కి తిరిగి, "కలబెట్టినాక చూసినావా, కలబెట్టక ముందరే చూసినావా?" అని అడిగింది. మా అమ్మ తెల్లబోయింది. "కట్టెపొయ్యి మీద చట్టి. అడుగున మాడి, మీద పలుకుంటే నీ ఒక్క మెతుకు ఏం చెప్తాది? కలబెట్టి చూడు, అప్పుడు ఒకటో రెండో చాలు." మా అమ్మకు ఒళ్లు మండింది. అయితే ఆ మర్నాటినుంచి తెడ్డు పెట్టి కలబెట్టకుండా మెతుకు పట్టి చూసింది లేదు. చూసినప్పుడల్లా మీ టీచరమ్మకు పని లేదు అనేది.

ఈ పిచ్చి ఆమెకు పెనుకొండలో అంటుకుందట. అక్కడ పనిచేసేటప్పుడు సరస్వతి పూజకని తల్లులందరినీ బడికి పిలిచింది. వచ్చినవాళ్లను చదవడం వచ్చునా అని ఒక్కొక్కరినే అడిగింది. సగానికి సగం వచ్చునన్నారు. పెనుకొండ ఆడవాళ్లలో సగం మందికి చదువు వచ్చునని ఉబ్బిపోయి, కనబడినవాళ్లకల్లా చెప్పుకుంది. తర్వాత బడికి రాని ఒక పిల్లను వెతుక్కుంటూ కొండకింది వీధిలోకి పోతే, ఇల్లిల్లూ అడిగినా ఒక్కరికీ అక్షరం ముక్క రాదు.

"చదువొచ్చినోళ్లే పూజకొచ్చినారమ్మే. రానోళ్లకు బడి గడప తొక్కాలంటే సిగ్గు. నేను బడిలో కూర్చోని ఊరిని లెక్కబెడితి." ఈ సంగతి చెప్పినప్పుడల్లా నుదురు కొట్టుకుని నవ్వేది. ఆమె తన తప్పుల్ని ఇతరులు మనవళ్ల సంగతి చెప్పుకున్నంత ముద్దుగా చెప్పుకునేది.

ధర్మవరం సంగతి మాత్రం నేను కళ్లారా చూసిందే. ఆ ఊళ్లో బడికి పిల్లలు చాలడం లేదని అక్కడి టీచరు సాయం అడిగితే, నన్ను వెంటబెట్టుకుని మగ్గాల వీధికి పోయింది. ఇంటింటా మగ్గం గుంటలో మగవాళ్లు, పక్కన కండెలు చుడుతూ ఆడపిల్లలు. ఎవరిని అడిగినా చేతులెత్తి దండం పెట్టి, "అట్లే టీచరమ్మా, చూద్దాంలే" అన్నారు. నేను వేళ్లు మడుచుకుంటూ పోతున్నాను. ఒక చేతి వేళ్లు చాలక రెండో చేతికి వచ్చాను. ఒకాయన మాత్రం మగ్గం మీద నాడె ఆడించడం ఆపకుండానే మీద పడ్డాడు. "పంపిస్తే కండెలు ఎవరు చుట్టేది? నువ్వొచ్చి చుడతావా? బడి ఎన్ని గంటలకు ఇడుస్తారు? పట్టుపోగు పట్టే చేతికి సుద్ద అంటితే ఎట్లమ్మా?" నాకు చిర్రెత్తుకొచ్చింది. బయటికి వచ్చి చూస్తే అక్క మొహం దీపావళిగా ఉంది.

"ఈయన పంపిస్తాడు."

"తిట్టి పంపించినాడు కదక్కా."

"పంపించనోనికి బడి ఎన్ని గంటలకు ఇడిస్తే ఏమి? నీ వేళ్లు ఇప్పుమే. చూద్దాంలే అంటే లేదని. మన సీమలో టీచరమ్మ మొహం మీద లేదని ఎవురు చెప్తారు?"

ఆ వీధినుంచి ఆ ఏడాది బడికి వచ్చిన పిల్లల్లో మొదటిది ఆ పోట్లాడినాయన కూతురే. నా వేళ్లలో ఒకటో రెండో తప్ప మిగిలినవన్నీ ఉత్తవే అయినాయి.

ఆమె మాట ఒకటుంది. మేం ఏ లెక్క వేసినా, అది మాకు నచ్చకపోయినా, మొహాలు వేలాడేస్తే అనేది. "లెక్క మనకు చుట్టం గాదుమే." చుట్టమైతే మొగమాటానికి మనకు కావలసినట్టు చెబుతుంది. లెక్కకు ఆ మొగమాటం లేదు, ఉండకూడదు అని ఆమె మతం.

చుట్టాల మాట వచ్చింది కనుక ఇది చెప్పాలి. హిందూపురంలోనే ఆమెకు సొంత అన్న ఉన్నాడు. బెల్లం మండీ, మంచి ఇల్లు, భార్య, ఒక్కతే కూతురు. పెళ్లయిన ఏడాదికే భర్త పోయి ఈమె పుట్టింటికి చేరితే, ఆ అన్నే సాకాడు. చదువు దగ్గర మాటా మాటా వచ్చింది. ఒకరోజు ఈమె మేనత్తను తోడు తీసుకుని బళ్లారి పోయి ట్రైనింగులో చేరింది. తిరిగి ఈ ఊరికే పనికి వచ్చినా ఆ గడప తొక్కలేదు. ఆయనా రమ్మనలేదు. బజారులో ఎదురైతే ఒకరు ఈ పక్కకు, ఒకరు ఆ పక్కకు. ఊరంతటికీ తెలిసిన సంగతి, ఎవరూ ఎత్తని సంగతి.

ఇక అసలు కథ. మా బడి ఐదో తరగతితో సరి. ఆ పైన పిల్ల ఇంట్లో కూర్చోవలసిందే. ఫస్టు ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి, ఆడపిల్లలకు వేరుగా పెట్టండని అక్క ఏళ్ల తరబడి అడుగుతోంది. చివరికి బళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి ఆమెకు తెగేసి చెప్పింది. "ఆ యీడు ఆడపిల్లలున్న ఇళ్లలో మూడింటికి ఒకటైనా పంపిస్తుందని చూపించండి. పెడతాం. చూపించలేకపోతే ఆ క్లాసు ఇంకో ఊరికి పోతుంది. మళ్లీ నన్ను అడగొద్దు. త్వరలో నేనే వచ్చి చూస్తాను."

ఆవిడ జట్కా ఎక్కిందో లేదో గొడుగు టకటకమంది. ఊరంతా ఇల్లిల్లూ తిరగడానికి మా ఇద్దరికీ సెలవులు చాలవు. మన బడిపిల్లల ఇళ్లకు పోదామన్నాను నేను. "అవి చట్టిలో మీది మెతుకులుమే" అంది. ప్రతి వీధిలోనూ ఏడో ఇల్లు. ఏడు, మళ్లీ ఏడు, మళ్లీ ఏడు. ఎక్కడ మొదలుపెట్టాలో నేనూ చెప్పకూడదు, ఆమే చెప్పకూడదు. దావన పోతున్న మజ్జిగ అమ్మే అవ్వను ఆపి, "యాదో ఒక ఇల్లు చూపించవ్వా" అంటే ఆ అవ్వ బిత్తరపోయి ఒక ఇల్లు చూపించింది. అదే మొదలు. పంపిస్తారనిపిస్తే చింతగింజ, పంపరనిపిస్తే గులకరాయి. ఆ యీడు పిల్ల లేని ఇంటికి రెండూ లేవు. గింజల సంచి నాది, రాళ్ల సంచి ఆమెది.

నాకు అప్పుడు తెలియలేదు, ఆమెకూ తట్టలేదు, మేం ఎంత పెద్ద అపచారం చేస్తున్నామో. హిందూపురంలో ఎవరైనా కుంకుమభరిణె పట్టుకుని పేరంటానికి పిలవడానికి వీధిలోకి వస్తే, వరసన ప్రతి ఇంటికీ బొట్టు పెట్టి పోవాలి. పోట్లాడుకున్న ఇల్లయినా వదలకూడదు. వదిలితే ఆ మాట మనవరాళ్ల పెళ్లిళ్ల దాకా నడుస్తుంది. అటువంటి ఊళ్లో ఇద్దరు టీచరమ్మలు పట్టపగలు వీధిలోకి వచ్చి, ఒక ఇంట్లో కూర్చుని మాట్లాడి, ఆరిళ్లు మొహాన కొట్టినట్టు వదిలేసి, ఏడో ఇంటికి పోయారు.

సాయంత్రానికి ఊరు ఉడికిపోయింది. యుద్ధం రేషనులో ఏడో ఇంటికి కిరసనాయిలు ఎక్కువ రాస్తున్నారని ఒక పుకారు. ఏడో ఇంటికి ఏదో మంచి జరుగుతుందని జోస్యుడు చెప్పాడని ఇంకోటి. ఒకాయన తన పశువుల కొట్టాన్ని ఇంటి కింద లెక్క వేసుకోమని మా దగ్గరికే వచ్చాడు. అది కూడా ఇల్లే అయితే వాళ్లది ఏడోది అవుతుంది మరి. కొళాయి దగ్గర, అంగడి దగ్గర, ఎక్కడ కనబడినా ఆడవాళ్లు నన్ను నిలబెట్టేవాళ్లు.

"ఏమమ్మా, మా ఇంట్లో ఆడబిడ్డ లేదా? దానికి కాళ్లూ చేతులూ లేవా?"

"ఏందమ్మా, దుడ్లున్నోళ్ల ఇండ్లకే పోతాండారంట?"

అక్కకు చెబితే ఆశ్చర్యపోయింది. ఆమె లెక్కలో అందరికీ సమానంగా అవకాశం ఉంది. వాళ్ల లెక్కలో అందరినీ సమానంగా పిలవాలి. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం ఆమెకు అప్పుడే మొదటిసారి కనబడింది.

ఆఖరి వీధి అయినాక బడి వసారాలో కూర్చుని సంచులు బోర్లించాం. గింజలు ఒక కుప్ప, రాళ్లు ఒక కుప్ప. రాళ్ల కుప్పే పెద్దది. ఆమె రెండు కుప్పలూ వేలితో ఒక్కొక్కటే ఎంచింది.

"ఐదింటికి ఒకటి. కొంచెం అటో ఇటో. అడిగిన ఇండ్లు ఇంగా కొన్ని ఎక్కువైతే నాలుగింటికొకటని తేలొచ్చు. మూడింటికొకటి మాత్రం గాదు."

మర్నాడు పొద్దున బడి తలుపు తీసేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. మేం వదిలేసిన ఇళ్లవాళ్లు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఒక్కో ఆడపిల్ల, నున్నగా దువ్వి జడలేసి, కళ్లకు కాటుక పెట్టి. "అడగకనే మాది లేదని ఎట్ల అనుకుంటిరి? రాసుకోండి, మా పాప వస్తాది" అని ఒకటే రొద. నాకు ఒళ్లు పులకరించింది. గింజల సంచి కోసం లోపలికి పరిగెత్తాను. వెనక్కి వచ్చేసరికి ఆమె అడ్డంగా నిలబడి ఉంది. సంచి మూతిమీద చెయ్యి వేసింది.

"ఇవి పడవుమే."

"ఎందుకు పడవక్కా? నోరు తెరిచి చెబుతున్నారు కదా."

"వీళ్లు మనం ఎంచినోళ్లు గాదు. వచ్చినోళ్లు. పెనుకొండలో పూజకొచ్చినోళ్ల మాదిరే. రానోళ్లు ఎంతమంది ఇండ్లల్లో కూర్చోనుండారో నీకు తెలుసునా?"

నాకు అంతకు ముందూ ఆ తర్వాతా ఆమె మీద అంత కోపం రాలేదు. క్లాసు పోతుందక్కా అని అరిచాను. ఇంతమంది పిల్లలు ఎదురుగా నిలబడి ఉంటే గులకరాళ్లతో కొడతావా అన్నాను. లెక్క మనకు చుట్టం గాదన్న ఆ మాటే అంది. అని, సంచి నా చేతికిచ్చి, వాకిట్లోకి పోయి ఆ ఆడవాళ్ల మధ్య కూలబడింది. ఒక్కొక్క పిల్లను దగ్గరికి పిలిచి ఎక్కాలు అడిగింది, పద్యాలు అడిగింది. ఆమె మొహంలో ఆనందం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్లలందరూ కావాలి ఆమెకు. గింజ ఒక్కటి కూడా వెయ్యదు.

ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చిన రోజు వాళ్లంతా మళ్లీ వచ్చారు. ఎవరు చెప్పారో మరి. ఇన్‌స్పెక్ట్రెస్ కుర్చీలో కూర్చుని, "ఏం తేలిందండీ" అంది.

"ఐదింటికి ఒకటమ్మా" అంది అక్క, నీళ్లు నమలకుండా.

వాకిట్లో ఒక్కసారిగా గోల లేచింది. ఇన్‌స్పెక్ట్రెస్ బయటికి తొంగి చూసింది. సంగతి కనుక్కుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"వీళ్లందరూ పంపిస్తామంటున్నారు. వీళ్లను కలిపితే మీకు మూడో వంతు దాటుతుంది. ఎందుకు కలపలేదు?"

"వాళ్లంతట వాళ్లు వచ్చినారమ్మా. ఊరంటే వీళ్లు మాత్రమే గాదు."

"అసలు మీకు క్లాసు కావాలా, వద్దా?"

"దానికోసమే బతికుండానమ్మా" అంది అక్క. ఇన్‌స్పెక్ట్రెస్ కాగితాలు మడిచింది. లేవబోయింది. అప్పుడు నేల మీద గొడుగు ఒక్కసారి టక్కుమంది.

"ఒక మాట. నేనడిగి దినాలాయె. ఆ పొద్దు ఊరు వేరు, ఈ పొద్దు ఊరు వేరైతే? వీళ్ల రోషం చూస్తాంటే నాకట్లే అనిపిస్తాంది. మళ్ల చూద్దాం రండి. ఇప్పుడే. మొదటి ఇల్లు మీరు చూపించండి. ఏడో ఇల్లు వద్దు, ఎన్నో ఇల్లో అదీ మీరే చెప్పండి."

ఇన్‌స్పెక్ట్రెస్ గడియారం చూసుకుంది. సాయంత్రం బండికి ఇంకా పొద్దుంది. ఆవిడకు కూడా లోపల ఏదో కదిలినట్టుంది. మెట్లమీద నిలబడి ఒక వేలు చాపి, "ఆ పచ్చ తలుపు. అక్కణ్ణించి ప్రతి ఐదో ఇల్లు" అంది.

ఇంక చూడండి. ముందు గొడుగు, వెనక ఇన్‌స్పెక్ట్రెస్, ఆ వెనక సంచులతో నేను, నా వెనక జాతర. అక్క వీధి మొదట్లోనే ఆగి ఆ ఆడవాళ్లను గొడుగుతో అడ్డగించింది.

"మీరంతా ఎనక నిలబడితే ఏ మొగోడు లేదంటాడు? ఆ 'లేదు' అనే మాటే నాకు కావల్ల. ఈడనే ఉండండి."

వాళ్లు గొణుక్కుంటూ అక్కడి అరుగుల మీద సర్దుకున్నారు. పచ్చ తలుపు ఇంట్లో ఒక ముసలావిడ ఎదురొచ్చి, "పంపిస్తాం, పంపిస్తాం, కూర్చోండి, మజ్జిగ తాగండి" అంది. తాగి బయటికి రాగానే రాయి పడింది. ఇన్‌స్పెక్ట్రెస్ ఆగిపోయింది.

"ఆవిడ పంపిస్తానందిగా?"

"ఒక్క మాటన్నా తిరిగి అడిగిందేమో చూడండి."

తర్వాతి ఇంట్లో ఒకాయన మమ్మల్ని కూర్చోమనలేదు కూడా. "దావలో కల్లంగడి ఉండాది. దాన్ని దాటుకోని ఆడబిడ్డ ఎట్ల వస్తాది? ఎవురన్నా పెద్దామెను తోడు పెడతారా? నేనైతే పొద్దున ఇడిచొస్తా, సాయంత్రం నా చేతగాదు." గింజ. ఆ తర్వాతి ఇంట్లో భార్యాభర్తలు మా ఎదుటే పోట్లాడుకున్నారు. వింటే, అది ఆనాటిది కాదు. టీచరమ్మ మన ఇంటికి వచ్చి ఉంటే నువ్వేం చెప్పేవాడివి అని ఆమె అడిగిన రోజునుంచి నడుస్తున్న పోట్లాట. పక్కింటివాళ్లను అడిగి మమ్మల్ని అడగలేదన్న కోపం కాస్తా, అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లమన్న వాదన కింద మారి ఇల్లిల్లూ తిరిగిందన్నమాట. ఆ సంగతి అర్థమయ్యేసరికి అక్క కళ్లు మెరిశాయి. నా చేతిలో గింజలు ఖాళీ అవుతున్నాయి. నాలుగిళ్లు పోయేసరికి ఇన్‌స్పెక్ట్రెస్ కూడా గడప దిగుతూనే "గింజ" అనో, "రాయి" అనో ముందే అనేస్తోంది. అక్క ఔననగానే చిన్నపిల్లలా నా వైపు చూసేది. ఎండ తెలియలేదు నాకు. కాళ్లు నేలమీద ఆనలేదు.

వీధులు అయిపోవచ్చాయి. ఇన్‌స్పెక్ట్రెస్ ఇక ఉండబట్టలేక ఒక అరుగు మీద రెండు సంచులూ పోయించి లెక్క పెట్టింది. "ఇంకో ఇల్లు ఉంది. గింజ పడితే మూడో వంతు. రాయి పడితే ఒక్కటి తక్కువ."

"ఒక గింజకు నిజం మారదమ్మా. మూడింటికొకటి దగ్గరదగ్గరగా ఉండాదని తేలిపాయె. కానీ మీ హద్దు హద్దే" అంది అక్క. ఐదో ఇల్లు ఎంచుకుంటూ నడిచింది. నాలుగో ఇంటి ముందర ఆగిపోయింది.

ఐదో ఇల్లు ఆమె అన్నగారిది.

నేను ఇన్‌స్పెక్ట్రెస్ చెవిలో చెప్పాను. ఆవిడ మొహం మారింది. "వద్దులెండి. పక్కింటికి పోదాం. నేను ఒప్పుకుంటాను" అంది మెల్లగా.

"ఐదోది ఇదేనమ్మా" అని అక్క ముందుకు పోయింది.

ఆయన అరుగు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఆపాడు. ఆమె మెట్టెక్కలేదు. కింద నిలబడి, అన్ని ఇళ్లలో అడిగినట్టే అడిగింది.

"ఈ ఇంట్లో పదేండ్లు దాటిన ఆడబిడ్డ ఉండాదా?"

"ఉండాదని నీకు తెలీదా?"

"ఫస్టు ఫారం పెడితే పంపిస్తారా?"

ఆయన ఆకు మడుస్తూ అవతలికి చూశాడు. "పంపిస్తాలే పో."

నా వేళ్ల మధ్య గింజ ఉంది. సంచిలో పడటమే తరువాయి. అంతలో ఆమె సంచిలో రాయి పడిన చప్పుడయింది.

"ఏమండీ, పంపిస్తానన్నారు కదా ఆయన" అంది ఇన్‌స్పెక్ట్రెస్, దాదాపు బతిమాలుతున్నట్టు.

"నాకూ ఇట్లే చెప్పినాడమ్మా. చదివిస్తాలే పో అని." ఆమె వెనక్కి తిరిగింది. క్లాసు పోయింది. అన్నేళ్ల కోరిక, మేం తిరిగిన ఎండ, వీధి మొదట్లో కూర్చున్న పిల్లలు, అంతా ఆ ఒక్క రాయి కింద పోయింది. నేను ఏడ్చేశాను.

"నిలబడు" అన్నాడాయన. అరుగు దిగి వచ్చాడు. "ఈ ఊరికొచ్చి ఎన్నేండ్లాయె? ఈ వీధిలో ఎదురింటికి పోయినావు, ఆ పక్కింటికి పోయినావు. మా ఇంటికి రావల్లంటే ఎవురో వేలు చూపించల్లనా?"

ఆమె గొడుగు తీసి చంకలో పెట్టుకుంది. ఇంటి తలుపు సందులోంచి ఆయన కూతురు తొంగి చూస్తోంది. పెద్ద కళ్లు, అచ్చం మేనత్త ముక్కు.

"సరే, అడిగినావు గదా. నేనూ అడుగుతా, చెప్పు" అన్నాడాయన. "ఎన్ని గంటలకు ఇడుస్తారు? వాన దినం ఎవురు తోడొస్తారు? పెద్దమనిషైనాక కూర్చోబెట్టమని ఇంట్లో ముసలోళ్లు పట్టుబడితే ఎవురొచ్చి చెప్తారు? రేపు నేనే మనసు మార్చుకోని మాన్పిస్తే, అప్పుడేం చేస్తావు నువ్వు?"

"ఈ మెట్ల మీద కూర్చుంటా. పాపను పంపేదాకా లేయను."

"ఆ పొద్దు కూర్చోలేదే. ఎల్లిపోతివి గదా."

"ఆ పొద్దు నాకు పదారేండ్లన్నా."

ఇద్దరూ మరి మొహాలు చూసుకోలేకపోయారు. ఆమె రాళ్ల సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. ఇందాక వేసిన రాయి ఏదో ఎలా తెలుస్తుంది. చేతికి దొరికినదాన్ని తీసి అవతల పారేసి, నా వైపు చెయ్యి చాపింది. గింజ పెట్టాను. తనే నా సంచిలో వేసింది.

"అడిగేదుంటే లోపలికొచ్చి అడగమను, ఎండలో ఎంతసేపు నిలబెడతావు" అని ఇంట్లోంచి వదినగారి గొంతు వినిపించింది. ఆమె చెప్పులు విడిచి మెట్టెక్కింది. ఆయన వెనకాలే పోతూ, ఫీజు ఎంత, పుస్తకాలు యాడ దొరుకుతాయి, ఇంగ్లీషు ఎవురు చెప్తారు అని అడుగుతూనే ఉన్నాడు.

బండి వేళ దాటుతోందని ఇన్‌స్పెక్ట్రెస్‌కు గుర్తుచేశాను. ఆవిడ అరుగు మీద చతికిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"ఉండవమ్మా. ఆయన ఇంకా అడుగుతున్నాడు" అంది.